ఆదివారం పరుగు సందేశానికి టీకా తాత్పర్యం

మూలం

"అందరికీ శుభోదయం. ఆదివారం పొద్దున్న 5 గంటలకు ఆర్కే బీచ్ కాళీమాత గుడి దగ్గర కలుద్దాం. 10 కిలోమీటర్లు. కొత్తవాళ్లు కూడా రావచ్చు. మంచి బూట్లు తప్పనిసరి. ముందుగా స్ట్రెచింగ్. నొప్పి వస్తే పట్టించుకోవద్దు, అదే పోతుంది."

అవతారిక

కొత్తగా పరుగు మొదలుపెట్టినవాళ్లకు కాళ్ల నొప్పులు ఎందుకు వస్తాయి, రాకుండా ఏం చేయాలి అన్న శాస్త్రమంతా ఈ సందేశంలో బీజరూపంలో ఉంది. అందులో కొంత సరిగానే ఉంది, చాలా భాగం తలకిందులుగా ఉంది. కర్త అజ్ఞాతుడు. రచనాకాలం వానలు వెనకబట్టి వైజాగ్ నేవీ మారథాన్ దగ్గరపడే రోజులు. ప్రతులకు కొరత లేదు. విశాఖలో వాట్సాప్ గ్రూపు ఉన్న ఏ కాలనీలో వెతికినా ఒకటి దొరుకుతుంది, పాఠభేదాలు స్వల్పం. మూలంలో లేనిది రాయనని కోలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకకు ఆ నియమం సాగదు. మూలకర్త చెప్పాల్సినదాంట్లో సగం మింగేశాడు.

ప్రతిపద వ్యాఖ్య

శుభోదయం: మంగళాచరణం. సందేశం ముందురోజు రాత్రి భోజనాలయ్యాక వస్తుంది కాబట్టి కాలవిరోధమనే దోషం ఉంది. మంగళార్థం గనక క్షంతవ్యం.

5 గంటలకు: ఇది సరైన ప్రయోగం. ఎండ ఎక్కకముందు, బీచ్ రోడ్డు మీద బండ్ల రాకపోకలు ఆపే వేళ. సముద్రపు తేమకు చెమట ఆరని ఊళ్లో ఇంతకంటే మంచి ముహూర్తం లేదు. ఉక్కు కర్మాగారంలో రాత్రంతా సి షిఫ్టు చేసినవారికి మాత్రం ఈ వాక్యం వర్తించదని గ్రహించాలి.

ఆర్కే బీచ్: ఈ పదానికి రెండర్థాలు. లక్ష్యార్థం తారు రోడ్డు, వాచ్యార్థం ఇసుక. కొత్తవాళ్లు ఎక్కువగా రెండోదానికే మోసపోతారు, మెత్తగా ఉంటుంది గనక కాళ్లకు మంచిదని. గట్టినేల మీద పరిగెత్తడానికయ్యే శక్తికి సుమారు 1.6 రెట్లు మెత్తటి ఇసుక మీద ఖర్చవుతుందని కొలిచి చూశారు. ఇసుకలో మడమ దిగబడుతుంది, దాన్ని పైకి లాగే పని పిక్కల మీద పడుతుంది. పోనీ అలలు తడిపిన గట్టి ఇసుక మీద పోదామంటే అది సముద్రం వైపు వాలి ఉంటుంది. గుడి దగ్గర నుంచి లాసన్స్ బే వైపు వెళ్లేవాడికి సముద్రం కుడిపక్కన ఉంటుంది. అడుగడుక్కీ కుడికాలు పల్లంలో, ఎడమకాలు మిట్టలో పడుతుంది. కనుక ఇక్కడ లక్ష్యార్థమే గ్రాహ్యం.

10 కిలోమీటర్లు: ఈ సందేశానికి ప్రాణం ఈ పదమే, ప్రమాదమూ ఇదే. తక్కిన పదాలన్నీ తీసేసి దీనికొక్కదానికే వ్యాఖ్య రాసినా గ్రంథానికి లోటుండదు.

పూర్వపక్షం: "వారానికి పది శాతం చొప్పున దూరం పెంచుకుంటూ పోతే దెబ్బ తగలదు" అని పరుగువారి సంప్రదాయం. తరాలుగా నోటినోట వచ్చిన ఈ సూత్రాన్ని నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్‌లో పరీక్షకు పెట్టారు. 4 మైళ్ల పరుగుకు తయారవుతున్న 532 మంది కొత్తవాళ్లను చీట్లు వేసినట్టు రెండు జట్లు చేశారు. ఒక జట్టు పది శాతం సూత్రం ప్రకారం 13 వారాలు నెమ్మదిగా, రెండో జట్టు మామూలు పద్ధతిలో 8 వారాలు సాధన చేసింది. వారం పాటు పరుగుకు అడ్డం వచ్చిన నొప్పినే దెబ్బగా లెక్కగట్టారు. 2008లో ఫలితాలు వచ్చాయి: మొదటి జట్టులో 20.8 శాతం, రెండోదానిలో 20.3 శాతం. సూత్రం పాటించినవాళ్లూ పాటించనివాళ్లూ సమానంగా కుంటారు. తర్వాత అదే ఊళ్లో పరుగుకు ముందు నాలుగు వారాలు నడక, గెంతులు చేయించి చూశారు. దానివల్లా తేడా రాలేదు.

ఆక్షేపం: అయితే ఎంత పెంచినా ఒకటేనా?

సమాధానం: కాదు. డెన్మార్క్‌లో 800 మందికి పైగా కొత్తవాళ్లను ఏడాది పాటు గమనించి 2014లో ప్రకటించిన అధ్యయనంలో, రెండు వారాల వ్యవధిలో వారపు దూరాన్ని 30 శాతానికి మించి పెంచినవాళ్లకు, పది శాతం లోపు పెంచినవాళ్లకంటే మోకాలి చిప్ప నొప్పి, ముంగాలి నొప్పి వంటి దూరానికి సంబంధించిన బాధలు ఎక్కువగా వచ్చాయి. దీనికి అసలైన కీలకం 2025లో దొరికింది. 5,205 మంది చేతి గడియారాల్లో నమోదైన పరుగులను లెక్కగట్టారు. వీళ్లలో అధికులు అలవాటు పడ్డవాళ్లేనన్నది గుర్తుంచుకోవాలి. వారం మొత్తం మీద ఎంత పెంచారన్నదానికీ దెబ్బలకూ పొంతన కుదరలేదు. ఒక్క పరుగు దూరానికి మాత్రం గట్టిగా కుదిరింది. గత 30 రోజుల్లో పరిగెత్తిన అతి పెద్ద దూరం కంటే ఒక్కసారే పది నుంచి ముప్పై శాతం ఎక్కువ పరిగెత్తినవాళ్లకు ముప్పు 64 శాతం పెరిగింది. రెట్టింపు దాటినవాళ్లకు రెండింతలకు మించింది.

సిద్ధాంతం: పది శాతం సూత్రం తప్పు కాదు, దాన్ని తగిలించిన చోటు తప్పు. అది వారానికి కాక ఆ ఒక్క పూటకు వర్తిస్తుంది. ఎంవీపీ కాలనీలో నెల రోజులుగా పార్కు చుట్టూ తిరిగి గరిష్ఠంగా 4 కిలోమీటర్లు పరిగెత్తినవాడికి ఈ ఆదివారం హద్దు 4.4 కిలోమీటర్లు. మూలకర్త అతణ్ని 10కి పిలుస్తున్నాడు.

దృష్టాంతం ఊళ్లోనే ఉంది. ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఏడాదంతా స్కూటరు దిగనివాళ్లు సైతం వట్టి కాళ్లతో కొండ చుట్టి వస్తారు. భక్తి కొండ చుట్టిస్తుంది గానీ అరికాళ్లను ముందుగా తయారు చేయదు. మర్నాడు ఆఫీసుల్లో మెట్లు దిగేవాళ్లను చూస్తే లెక్క తెలిసిపోతుంది.

కొత్తవాళ్లు కూడా: ఇక్కడి "కూడా" సముచ్చయార్థకం, ఉదారం, అనాలోచితం. పరుగు గాయాల అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి లెక్క ప్రకారం, వెయ్యి గంటల పరుగుకు అలవాటున్నవాళ్లకు 7.7 దెబ్బలైతే కొత్తవాళ్లకు 17.8. కారణం శరీరంలోనే ఉంది. గుండె, ఊపిరితిత్తులు కొద్ది వారాల్లోనే దారికొస్తాయి. ఎముకలకూ స్నాయుబంధనాలకూ నెలలు పడుతుంది. కొత్త బరువు పడ్డప్పుడు ఎముక ముందు పాత పదార్థాన్ని తవ్వి తీసేసి, ఆ తర్వాత నెమ్మదిగా కొత్తది నింపుతుంది. తవ్వకానికీ పూడికకూ మధ్య ఎముక బలహీనం. ఆయాసం తగ్గి, "ఇక ఎంతైనా పరిగెత్తగలను" అనిపించే మూడో, నాలుగో వారం సరిగ్గా ఆ సంధికాలంలోనే పడుతుంది.

కానిస్టేబుల్ ఉద్యోగాల నోటిఫికేషన్ పడ్డాక మైదానాల్లో కనిపించే కుర్రాళ్లు దీనికి ఉదాహరణ. 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తి చేయాలి, పరీక్ష దగ్గరపడింది, పొద్దునా సాయంత్రమూ పరుగే. ముంగాలు పట్టుకుని గట్టు మీద కూర్చున్నవాణ్ని బద్ధకస్తుడంటారు. ఇది కొత్త జబ్బు కాదు. కవాతు చేసి చేసి పాదాలు వాచిన సైనికుల గురించి ప్రష్యా సైనిక వైద్యుడు బ్రైట్‌హాప్ట్ 1855లోనే రాశాడు. ఎక్స్‌రే ఇంకా పుట్టలేదు గనక అది ఎముక చీలికని ఆయనకు తెలిసే దారి లేదు.

మంచి బూట్లు: "మంచి" అన్న విశేషణం ఖరీదుకు పర్యాయంగా వాడారు. అది కోశవిరుద్ధం. పాదం లోపలికి వాలేవాళ్లకు ప్రత్యేకమైన బూటు కావాలని దుకాణాల్లో చెబుతారు. డెన్మార్క్‌లో 927 మంది కొత్తవాళ్లకు, పాదం ఎటు వాలినా, ఒకే రకం మామూలు బూట్లిచ్చి ఏడాది చూశారు. వాలు పాదాలకు దెబ్బలు ఎక్కువేం కాలేదు. మడమ కింద మెత్తదనం కొంత మేలు చేస్తుందని లక్సెంబర్గ్ పరీక్ష ఒకటి చూపింది. కాలికి ఇబ్బంది లేనిదే మంచి బూటని అర్థం చెప్పుకుంటే చాలు.

ముందుగా స్ట్రెచింగ్: ఆచారం. ఆస్ట్రేలియా సైన్యంలో కొత్తగా చేరిన 1,538 మందిలో సగం మందికి కసరత్తుకు ముందు కండరాలు సాగదీయించారు, సగం మందికి లేదు. 2000లో వెలువడిన ఫలితంలో దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. హాని లేదు గనక వదిలేయవచ్చు. మూలకర్త రాయాల్సింది వేరు. ఫిన్లాండులో 325 మంది కొత్తవాళ్ల మీద 24 వారాల పరీక్షలో, తుంటి, నడుము కండరాలకు బలం పెంచే వ్యాయామాలు చేసినవాళ్లకు కాళ్ల దెబ్బలు సుమారు మూడో వంతు తగ్గాయి. చీలమండకూ పాదానికీ మాత్రమే వ్యాయామం చేసినవాళ్లకు ఆ ఫలం దక్కలేదు.

హాంకాంగ్‌లో 320 మంది కొత్తవాళ్లతో మరో పరీక్ష జరిగింది. సగం మందికి రెండు వారాల పాటు అడుగు మెత్తగా వేయడం నేర్పారు. ట్రెడ్‌మిల్ ఎదుట తెర మీద అడుగు దెబ్బ ఎంత గట్టిగా పడుతోందో కనిపిస్తుంటే దాన్ని తగ్గించుకోవడమే పాఠం. ఏడాదిలో వాళ్లకు దెబ్బలు 62 శాతం తక్కువ. అయితే మోకాలి బాధ, అరికాలి బాధ తగ్గినచోట పిక్క, మడమ స్నాయువు బాధలు కాస్త పెరిగాయి. బరువు మాయం కాదు, చోటు మారుతుంది.

నొప్పి వస్తే పట్టించుకోవద్దు: అపపాఠం. ప్రతులన్నిటా ఇలాగే ఉన్నా దిద్దక తప్పదు. కదలిక మొదలయ్యాక సర్దుకుని, మర్నాటికి ఆనవాలు లేకుండా పోయే పట్టు వేరు. పరుగు సాగేకొద్దీ పెరిగేది, నడక తీరు మార్చేది, రాత్రి పడుకున్నా వదలనిది వేరు. ముంగాలి ఎముక వెంట బొటనవేలితో నొక్కుకుంటూ రావాలి. జానెడు పొడవునా సలిపితే ఎముక మీది పొర రేగిందని అనుమానించవచ్చు. కొన్నాళ్లు దూరం తగ్గిస్తే సాధారణంగా దారికొస్తుంది. రూపాయి బిళ్లంత చోట మాత్రమే ప్రాణం పోయినట్టయితే పరుగు ఆ పూటే ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. ఎముకలో సన్నని చీలిక మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు. ఫిల్ము శుభ్రంగా ఉన్నా నొప్పి అక్కడే ఉంటే ఎంఆర్ఐ తీయించాలి. అది తేలేదాకా ఆదివారం గ్రూపులో "నేను రావట్లేదు" అని రాయడమే సరైన పాఠం.