తూటాల్లేవు లెండి

పెళ్లి రిసెప్షన్‌లో మన పెద్దాయన్ని పోల్చుకోవడానికి ముఖం చూడనక్కర్లేదు, రుమాలు తీసే తీరు చూస్తే చాలు. హాలంతా ఏసీ, ఒంటి మీద చెమట చుక్క లేదు, అయినా పది నిమిషాలకోసారి చొక్కా అంచు జానెడు పైకెత్తి ప్యాంటు జేబులో రుమాలు కోసం వెతుకుతారు. ఆ జానెడు సందులో తోలు హోల్‌స్టర్, అందులో పాయింట్ 32 రివాల్వర్, పక్క కుర్చీవాళ్లకు దర్శనమిస్తాయి. దర్శనం అయ్యాక రుమాలు దొరుకుతుంది. ఎవరింటికైనా వెళ్తే, కూర్చుంటే గుచ్చుకుంటోందన్నట్టు దాన్ని తీసి టీపాయ్ మీద పెడతారు. కాఫీ ట్రేతో వచ్చిన ఇల్లాలు గొట్టం తనవైపే ఉండటం చూసి ఆగిపోతే, అభయహస్తం చూపించి ‘తూటాల్లేవు లెండమ్మా’ అంటారు. భార్య నగలు బ్యాంకు లాకర్లో ఉంటాయి. ఆయన నగ మాత్రం నడుముకే ఉంటుంది.

‘తూటాల్లేవు లెండి’ అన్నది ఆయన ఊతపదం. తుపాకీ శాస్త్రంలో దీన్ని మించిన ప్రమాదకరమైన వాక్యం లేదు. అమెరికాలో తుపాకీ వాడకం నేర్పిన జెఫ్ కూపర్ నాలుగు సూత్రాలు చెప్పేవాడు. వాటిలో మొదటిదే ఈ మాటకు సమాధానం: ప్రతి తుపాకీలోనూ తూటా ఉన్నట్టే లెక్క. ఇందులో వేదాంతమేమీ లేదు, యంత్రం పనిచేసే తీరే అంత. పిస్టల్‌లోంచి మ్యాగజైన్ లాగేస్తే చేతికి బరువు తగ్గుతుంది, మనసుకూ తగ్గుతుంది, కానీ అంతకుముందే ఛాంబర్లోకి ఎక్కిన ఒక్క తూటా అక్కడే కూర్చుని ఉంటుంది. రివాల్వర్ అయితే సిలిండర్ పక్కకు తెరిచి గదులన్నీ కంటితో చూడాలి. ఆయన చూడరు. పోయిన దీపావళికి తానే తీసినట్టు గుర్తు, అంతే. పొరపాటున పేలిన తుపాకుల్లో చాలావాటిని పేలే క్షణం దాకా ఎవరో ఒకరు ఖాళీవనే అనుకుని ఉంటారు.

అలాగని ఆయనకు తెలియదనుకోవడం అన్యాయం. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు కావాలంటే తుపాకీని ఎలా పట్టుకోవాలో, ఎలా మోయాలో, ఎక్కడ దాచాలో శిక్షణ పొందాలి. గొట్టం మనుషుల వైపు తిప్పకూడదని, కాల్చదలచుకునే దాకా వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదని, గురి వెనకాల ఏముందో చూసుకోవాలని అడిగితే గడగడా అప్పజెబుతారు. చిక్కు తెలివిలో లేదు, అవసరంలో ఉంది. తూటాలు తీసెయ్, తుపాకీ ఒకచోట, తూటాలు మరోచోట పెట్టి తాళం వెయ్, ఎక్కడ పెట్టావో ఎవరికీ చెప్పకు. భద్రత కోరేది ఇది, అంటే కనిపించకుండా ఉంచడం. ఆయన తుపాకీ కొన్నదేమో కనిపించడానికి. బీరువాలో తాళం పడ్డ తుపాకీని చూసి ఎవరు కుర్చీ ఖాళీ చేస్తారు? అందుకని ఎన్ని తరగతులు చెప్పినా ఆయన మారరు. పాఠం బుర్రకు ఎక్కుతుంది, నడుము దగ్గరికి మాత్రం దిగదు.

ఆత్మరక్షణ కోసమండీ, పరువు కోసం కాదు అంటారు. నిజంగా ప్రాణభయం ఉన్నవాళ్లు లేకపోలేదు. అడవిపందుల నుంచి చేను కాపాడుకునే రైతు సంగతీ చట్టం ఎరుగును, పంట రక్షణకు లైసెన్సు ఇవ్వడానికి ఆయుధ చట్టంలో వేరే మాటే ఉంది. కానీ భయం ఉన్నవాడు తన దగ్గర ఏముందో నలుగురికీ చూపించుకోడు. ఇంట్లో తుపాకీ ఉందని ఊరంతటికీ తెలిస్తే, ఏం ఎత్తుకెళ్లాలో దొంగకూ తెలిసినట్టే. పైగా ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు ఆయుధాలు బారులు తీరి పోలీసు ఠాణాకు చేరతాయి. ఆ వారాలన్నీ ఆయనకు సూతకమే. చొక్కా టక్ చేసుకుంటారు, రుమాలు అవసరమే పడదు. శత్రువులు మాత్రం ఏ కారణం చేతనో ఆ వారాల్లో దాడికి రారు. తుపాకీ తిరిగొచ్చాకే వాళ్లూ తిరిగొస్తారు కాబోలు.

ఇరవై ఏళ్లుగా వాడుతున్నాను, ఏమైనా అయిందా అన్నది ఇంకో బాణం. హెల్మెట్ లేకుండా ఇరవై ఏళ్లు బండి నడిపినవాడూ ఇదే అంటాడు. అది అనుభవం కాదు, అదృష్టం తాలూకు బాకీల పుస్తకం. 2024 అక్టోబరు 1 తెల్లవారుజామున ముంబయి ఇంట్లో ప్రయాణానికి సిద్ధమవుతుండగా హిందీ నటుడు గోవిందా కాలికి తన సొంత లైసెన్సు రివాల్వరే పేలి తూటా తగిలింది. చేయి జారిందన్నారు. చేయి ఎవరికైనా జారుతుంది. పాతకాలపు రివాల్వర్లు కిందపడితే పేలే రకాలనే, తెలిసినవాళ్లు తూటాను పేల్చే సుత్తి కిందున్న గదిని ఖాళీగా వదిలేసేవాళ్లు. తుపాకీ మీదా తమ మీదా వాళ్లకు నమ్మకం తక్కువ, అందుకే వాళ్ల కాళ్లు బాగున్నాయి.

ఇక బరాత్. పెళ్లి ఊరేగింపులో తుపాకీ పేల్చే అలవాటు మనకన్నా ఉత్తరాదిలో ఎక్కువ, అయినా డీజే మోతలో ఆయన ఉత్తరాదివాడైపోతారు. గాల్లోకేగా కాల్చింది అంటారు. ఈ మాటను తేలిగ్గా కొట్టెయ్యకూడదు, అందులో కొంత నిజం ఉంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిసిన కొత్తల్లో అమెరికా సైన్యంలోని జూలియన్ హాచర్ బృందం ఫ్లోరిడాలో తూటాలను నిటారుగా పైకి కాల్చి చూసింది. పడేటప్పుడు వాటి వేగం సెకనుకు దాదాపు 300 అడుగులే. గొట్టం విడిచేటప్పటి వేగంతో పోలిస్తే అది చాలా తక్కువ, మనిషిని పడగొట్టాలంటే ఎంత శక్తి కావాలని ఆనాటి సైన్యం లెక్కేసిందో అంత కూడా రాలేదు. అయితే హాచర్ వాళ్లు తుపాకీని బిగించి, లెక్కగా నిలువునా నిలబెట్టి కాల్చారు. మన పెద్దాయన ఒక చేత్తో గుర్రం మీది పెళ్లికొడుకు భుజం పట్టుకుని, రెండో చేత్తో ఫోటోగ్రాఫర్‌కు పోజిస్తూ కాలుస్తారు. ఏటవాలుగా పోయిన తూటా వేగం అంతగా పోగొట్టుకోదు, దాని దారిలో మేడ మీద ఊరేగింపు చూస్తున్న పిల్లలుంటారు. ఈ గోల భరించలేకే ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణలో సంబరాల కాల్పులను పేరుపెట్టి నేరం చేసి, రెండేళ్ల దాకా జైలో, లక్ష దాకా జరిమానానో, రెండూనో అన్నారు. అదే సవరణ ఒక మనిషికి మూడు తుపాకుల హద్దును రెండుకు కుదించింది. మూడో దాన్ని వదులుకున్న రోజు ఆయన కూతుర్ని అత్తారింటికి పంపినంత బాధపడి ఉంటారు.

మనవాళ్లు ఈ మనిషిని ఎప్పుడో కనిపెట్టేశారు. పగటివేషాల్లో తుపాకీ రాముడున్నాడు. కోతలు కోస్తాడు, ఆకాశాన్ని గురిపెడతాడు, చూసేవాళ్లు కడుపుబ్బ నవ్వుతారు. కాకపోతే వాడి చేతిలోది కర్ర తుపాకీ. వేషధారికి తన హోదా వేషమని తెలుసు కాబట్టి కర్ర సరిపోయింది. మన పెద్దాయనకు ఆ సంగతి తెలియక కాన్పూరు ఆయుధ కర్మాగారం సరుకు కావలసి వచ్చింది.

ఆయన తుపాకీ ఇంట్లో నిక్కచ్చిగా ఒకచోట కదలకుండా ఉండేది దసరా నాడే. పీట మీద పసుపు, గొట్టానికి బొట్టు, సిలిండర్ చుట్టూ బంతిపూలు. పక్కన గుమ్మడికాయ. పురోహితుడు వచ్చి చూస్తాడు, గొట్టం తన ఆసనం వైపే ఉంది. ‘తూటాల్లేవు లెండి పంతులుగారూ’ అంటారు పెద్దాయన. పంతులుగారు ఏమీ అనరు. చాప రెండు మూరలు పక్కకు జరుపుకుని, అక్కడ కూర్చుని, సంకల్పం మొదలుపెడతారు.