నాలుగు దినాల వారం మాకు కొత్త కాదు

ఐస్‌లాండ్ వాళ్లు 2015 నుంచి 2019 దాకా దాదాపు రెండున్నర వేల మందితో ప్రయోగాలు చేసి, వారానికి 35, 36 గంటలు పనిచేస్తే పనీ ఆగదు, మనిషీ బాగుంటాడని తేల్చారు. బ్రిటన్‌లో 2022లో 61 కంపెనీలు ఆరు నెలలు నాలుగు రోజుల వారం నడిపి చూశాయి. గడువు తీరాక వాటిలో 56 ఇదే బాగుంది, ఇట్లనే సాగిస్తామన్నాయి. పాపం, అంత తిప్పలు ఎందుకు పడ్డారో! ఒక కార్డు ముక్క రాసి పడేస్తే కోరుట్ల నుంచో మెట్‌పల్లి నుంచో ఒక బీడీ సేటును విమానం ఎక్కించి పంపేవాళ్లం. నాలుగు రోజులేం ఖర్మ, మూడు రోజుల వారం, రెండు రోజుల వారం కూడా నడిపిన చెయ్యి అది.

ఆ దేశాల ప్రయోగాల్లో ఒక చాదస్తం ఉంది. గంటలు తగ్గినా జీతం తగ్గకూడదట. మన సేట్లు ఆ ఒక్క షరతును పక్కకు పెట్టి పథకాన్ని ఎంతో సులువు చేశారు.

"ఏందక్కా, ఈ వారం ఎన్ని దినాల ఆకిచ్చిండ్రు?"

"మూడు దినాలకే ఇచ్చిండ్రు చెల్లె. మాల్ కదుల్తలేదంట."

"మరి తతిమ్మ దినాలు ఏం జేద్దుమే?"

"ఏం జేస్తం, రెస్టు తీసుకుందుం. లండన్‌ల గూడ గిట్లనే జేస్తుండ్రట."

వారం ఇంత పొట్టిగా ఉంది గదా అని రోజు కూడా పొట్టిదనుకోవద్దు. బీడీ కార్మికుల కోసం 1966లో ప్రత్యేకంగా చట్టం చేశారు. రోజుకు తొమ్మిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు మించి పని చేయించరాదని అందులో రాశారు. కానీ ఆ హద్దు కార్ఖానా గోడల లోపలికే. పని మాత్రం చాలావరకు ఇండ్లలోకి చేరింది, అక్కడ గడియారం చూసేవాడు లేడు. రాత్రి ఆకు తడపాలి, తెల్లారి కత్తిరించాలి, వంటకూ వాకిలికీ నడుమ చాట ఒళ్లో పెట్టుకొని చెయ్యాలి. బడి నుంచి వచ్చిన బిడ్డ దారం అందుకుంటుంది. వెయ్యి బీడీలు ముగిసేసరికి పది పన్నెండు గంటలు గడుస్తాయి. ఇచ్చిన ఆకు వెయ్యికి చాలకపోతే తక్కువ పడ్డది తనే కొనుక్కోవాలి. చోటు ఆమెదే, కరెంటు ఆమెదే, ముడిసరుకులో కొంత వాటా కూడా ఆమెదే. లాభం మోసే కష్టం మాత్రం ఆడమనిషికి ఎందుకని సేటు తన మీద వేసుకున్నాడు.

సిరిసిల్లలో ఈ విద్య ఇంకో రకంగా పండింది. అక్కడ సాంచాల (మరమగ్గాల) మీద షిఫ్టు పన్నెండు గంటలు, పగలొకరు రాత్రొకరు. ఆరు సాంచాలో ఎనిమిది సాంచాలో చూసుకుంటూ, తెగిన పోగు అతుకుతూ, కండె మారుస్తూ ఆ పన్నెండు గంటలూ నడుస్తూనే ఉండాలి. 2017లో బతుకమ్మ చీరల సర్కారు ఆర్డరు మొదలైంది. ఆర్డరున్న నెలల్లో వారానికి ఏడు దినాలు, లేని నెలల్లో సున్నా దినాలు. 2024లో ఆ ఆర్డరు ఆగింది, సాంచాలూ ఆగినయ్. తర్వాత మహిళా సంఘాల చీరల పేరుతో మళ్లీ ఆర్డరు వచ్చింది, మళ్లీ రాత్రింబవళ్లు చప్పుడు. ఏడాదంతా కలిపి సగటు తీస్తే ఐస్‌లాండ్ అంకెకు దగ్గరికి వచ్చినా రావచ్చు. సగటు తీసే మేధావులు హైదరాబాద్‌లో చాలామందే ఉన్నారు, వాళ్లకే వదిలేద్దాం. ఇక్కడ సేటు నూలిచ్చి గుడ్డ తీసుకుంటాడు, ఆసామి అప్పు చేసి సాంచాలు పెట్టుకుంటాడు, కార్మికుడు నిలబడతాడు. ఈ ముగ్గురిలో ఆసామి మీద నాకు సగం జాలి ఉంది. గంటలు తగ్గించమంటే నిజంగానే మునిగేది అతనే. సేటు అతని పేరు చెప్పి తప్పించుకుంటాడు.

ఇట్లా దినాలు తరిగి గంటలు పెరిగిన జనానికి పెద్దమనుషుల బోధ ఒకటి. 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచేయాలన్నారు. 2025 జనవరి వచ్చేసరికి ఎల్ అండ్ టీ చైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు పాటను 90కి పెంచారు. ఆదివారం ఇంట్లో కూర్చొని భార్య ముఖం ఎంతసేపని చూస్తారని కూడా అడిగారు. వేలంలో మూడోసారి అనే లోపల ఇంకెవరైనా వందంటారేమోనని నేను చాలా రోజులు ఎదురుచూశాను. అన్నట్టు, ఆ కంపెనీ కట్టిన మేడిగడ్డ బరాజ్ మా పాత కరీంనగర్ జిల్లా మహదేవపూర్ దగ్గరే ఉంది. 2023 అక్టోబరు 21న దాని పిల్లర్లు కుంగినయ్. తప్పు ప్లానుదా, డిజైనుదా, కట్టడానిదా అన్నది విచారణల పని. పని గంటలు తక్కువై కుంగిందని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు.

భార్య ముఖం సమస్యను జగిత్యాల పల్లెలు ఎప్పుడో తీర్చుకున్నాయి. భర్త గల్ఫ్‌లో ఉంటాడు, రెండేండ్లకోసారి సెలవు దొరికితే వస్తాడు. మిగతా దినాలు ఒకరి ముఖం ఒకరికి ఫోన్లోనే. 2022 జనవరి నుంచి యూఏఈలో కేంద్ర ప్రభుత్వ ఆఫీసులకు నాలుగున్నర రోజుల వారం చేశారు. షార్జా ప్రభుత్వమైతే ఇంకా ముందుకు పోయి శుక్ర, శని, ఆదివారాలు మూడూ సెలవిచ్చింది. ఎడారి షేకులకు అర్థమైంది మనకు కాలేదని మెచ్చుకోబోయి ఆగాను. ఆ సెలవు ఆఫీసరుకు. ఆ ఆఫీసు కట్టి, ఊడ్చి, కాపలా కాసే మా మల్యాల, రాయికల్ మనిషి ప్రైవేటు కంపెనీ మనిషి, అతని చట్టం వేరు. ఆ చట్టంలో వారానికి 48 గంటలే ఉన్నాయి. ఒకే భవనంలో రెండు రకాల వారాలు నడపొచ్చని తెలుసుకోవడానికి షార్జా దాకా పోనక్కరలేదు, కరీంనగర్ కలెక్టరేట్‌కు పోయినా తెలుస్తుంది.

ఇక మన సర్కారు ఏం చేసిందో చూడాలి. లోకమంతా గంటలు ఎట్లా తగ్గించాలా అని తల బద్దలు కొట్టుకుంటుంటే తెలంగాణ ప్రభుత్వం 2025 జులై 5న ఒక ఉత్తర్వు తెచ్చింది. దుకాణాలను వదిలేసి, మిగతా వాణిజ్య సంస్థల్లో రోజుకు పది గంటల దాకా పని చేయించుకోవచ్చు. దీనికి పెట్టిన ముద్దుపేరు ఈజ్ ఆఫ్ డూయింగ్ బిజినెస్. ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం అంతకు నెల ముందే పది గంటలకు ఒప్పుకుంది. నీళ్ల దగ్గర, ఆస్తుల దగ్గర పదేండ్లు దాటినా కుదరని ఏకాభిప్రాయం ఇక్కడ నెల రోజుల్లో కుదిరింది.

ఉత్తర్వును సమర్థించేవారి లెక్క వినసొంపుగా ఉంటుంది. వారానికి 48 గంటల హద్దు అట్లనే ఉంది గదా, పది గంటల చొప్పున నాలుగు దినాలు, ఎనిమిది గంటలు ఒక దినం చేస్తే ఐదు దినాల్లో వారం తేలిపోతుంది గదా అంటారు. 2025 నవంబరు 21న కేంద్రం లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పుడు కూడా ఇదే పాట. పన్నెండు గంటల చొప్పున నాలుగు దినాలు చేసి మూడు దినాలు హాయిగా పండుకోండన్నారు. సరే, ఆరో దినం రావద్దని యజమాని చెప్పి తీరాలన్న ముక్క ఉత్తర్వులో ఎక్కడుంది? అది లేదు. ఉన్నదేమిటంటే, 48 దాటితే ఓవర్‌టైమ్ ఇచ్చి మూడు నెలలకు 144 గంటల దాకా అదనంగా చేయించుకోవచ్చని. మూడు నెలలంటే పదమూడు వారాలు. 144ను పదమూడుతో భాగిస్తే వారానికి పదకొండు. నలభై ఎనిమిదికి పదకొండు కలిపితే 59.

ఈ 59 ఎక్కడో విన్న అంకెలాగా అనిపించి పాత కాగితాలు తిరగేశాను. 1919లో వాషింగ్టన్‌లో తొలి అంతర్జాతీయ కార్మిక సదస్సు కూర్చొని రోజుకు ఎనిమిది, వారానికి 48 గంటలని ఒప్పందం రాసింది. అందులో మనకోసం విడిగా ఒక అధికరణం పెట్టారు. బ్రిటిష్ ఇండియాలో మాత్రం వారానికి 60 గంటలు. నల్లవాళ్లు గదా, తట్టుకుంటారు. మా బొగ్గుబాయిలున్నది నిజాం రాజ్యంలో గనుక ఆ అరవై హద్దు కూడా మా దిక్కు రాలేదు. ఆ తర్వాత వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ చూసిన అంబేడ్కర్ ఎనిమిది గంటల పనిదినాన్ని ముందుకు తెస్తే, 1946 సవరణతో ఫ్యాక్టరీలకు 48 గంటల వారం వచ్చింది. అరవై నుంచి నలభై ఎనిమిదికి దిగడానికి అన్నేండ్లు పట్టింది. 59కి ఎక్కడానికి ఒక్క ఉత్తర్వు చాలింది. ఇంగ్లిష్ దొర కంటే ఒక గంట తక్కువే అడిగారు గనుక దీన్ని స్వాతంత్ర్య ఫలమని రాసుకోవచ్చు.

సింగరేణి దగ్గరికి వస్తే నాకు వ్యంగ్యం సాగదు, లెక్కే ఎక్కువ మాట్లాడుతుంది. 1952 గనుల చట్టం బాయి లోపల రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 అని కట్టింది. 1990ల మొదట్లో సింగరేణిలో లక్ష మందికి పైగా కార్మికులుండేవారు, ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల చుట్టుపక్కల. 2023-24లో మనుషులు నలభై వేలకు అటు ఇటు, బొగ్గు ఏడు కోట్ల టన్నులు. తలకు లెక్కేస్తే ఎనిమిది రెట్లు దాటింది. ఓపెన్‌కాస్టులు వచ్చినయ్, భారీ యంత్రాలు వచ్చినయ్, మట్టి తీసే పని ప్రైవేటు కాంట్రాక్టర్లకు పోయింది, వాళ్ల మనుషులు ఈ నలభై వేలలో లేరు. వాళ్లను కలిపి లెక్కేసినా పెరుగుదల కొండంత. మరి యంత్రం మిగిల్చిన గంటలు ఎక్కడికి పోయినయ్? తట్ట, చెమ్మస్ పట్టిన తండ్రి 48 గంటలు చేశాడు, డంపర్ నడిపే కొడుకూ 48 గంటలే చేస్తున్నాడు. రెండో కొడుకు మాత్రం గోదావరిఖని చౌరస్తాలో వారానికి సున్నా గంటలు చేస్తున్నాడు. ఆ పనికి ఓవర్‌టైమ్ కూడా లేదు.

బాయి దగ్గర ఆదివారం డ్యూటీని ప్లే డే అంటారు, దానికి రెండింతల కూలి. అది రద్దు చేస్తామంటే కార్మికులే వద్దంటారు. దీన్ని పట్టుకొని, చూశారా, వాళ్లకే సెలవు అక్కరలేదని వాదించే తెలివిమంతులున్నారు. ఇంటి కిస్తీ, బిడ్డ ఇంజినీరింగ్ ఫీజు ప్లే డే మీద నిలబడ్డప్పుడు ఎవడు సెలవు అడుగుతాడు? ఆకలైనవాడు రెండో ముద్ద తిన్నాడని వాడికి తిండి పిచ్చి అంటగట్టినట్టుంది ఈ వాదన.

పని తగ్గించడం అందరికీ ఒకే కత్తెరతో కుదరదు, అది ఒప్పుకుంటాను. బాయిలో ఆరు గంటల షిఫ్టు పెడితే దిగి పని జాగాకు నడిచేసరికే చాలా భాగం పోతుంది. అక్కడ కోయాల్సింది దినాన్ని, గంటను కాదు. వారానికి ఐదు దినాలు చేసి, మిగిలిన షిఫ్టులకు చౌరస్తాలో నిలబడ్డ ఆ రెండో కొడుకును పిలవాలి. సాంచా మీద పన్నెండు గంటల షిఫ్టును ఎనిమిదికి దించి మూడో మనిషిని పెట్టాలి, ఆ ఖర్చు ఆసామి నెత్తిన గాక గుడ్డ ధరలో సేటు దగ్గర, సర్కారు ఆర్డరులో సర్కారు దగ్గర వసూలు కావాలి. బీడీలు చేసే ఆమెకు గంటలు తగ్గాలంటే చట్టంలో గంటలు రాస్తే లాభం లేదు, వెయ్యికి ఇచ్చే రేటు పెరగాలి. ఐదారు వందల బీడీలకే దినం గడిచే రేటు వస్తే ఆమె చాట ఆమే పక్కన పెడుతుంది. కరీంనగర్ టవర్ సర్కిల్‌లో పొద్దున పదికి షట్టరు ఎత్తి రాత్రి తొమ్మిదికి దించే బట్టల దుకాణం పిల్లగానికి ముందు కూర్చోవడానికి ఒక స్టూలు కావాలి. వారం సంగతి తర్వాత.

పని లేని దినానికి పైసలెట్లా ఇస్తామని యజమానులు నోరు తెరుస్తారు. ఆదిలాబాద్ పల్లెలకు ఇది వింత కాదు. పొలాల అమావాస్య నాడు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు రంగులేసి, హనుమాండ్ల గుడి చుట్టూ తిప్పి, నైవేద్యం తినిపిస్తారు. కాడి మొయ్యలేదు గనుక ఇయ్యాల గడ్డి సగమే అన్న రైతును నేను చూడలేదు. అట్లాంటి రైతు ఉంటే అతనికి ఏదో ఒక పరిశ్రమల సంఘంలో అధ్యక్ష పదవి ఖాయం.

ఇంకొందరు పోటీ పేరు చెబుతారు. ఒక్క దినం తగ్గినా దేశం వెనకబడుతుందట. బ్రిటన్ బొగ్గుకార్మికులు అదనపు డ్యూటీలు చేసేది లేదని మొండికేసినప్పుడు కరెంటు చాలక ప్రధాని ఎడ్వర్డ్ హీత్ 1974 జనవరి నుంచి మార్చి తొలి వారం దాకా పరిశ్రమల్లో చాలావాటిని మూడు దినాల వారానికి దించాడు. దినాలు తగ్గినంతగా ఉత్పత్తి తగ్గలేదు, చాలా తక్కువే తగ్గింది. దేశం అట్లనే ఉంది. ఈ దేశాన్ని ఏలేది నేనా, బొగ్గుకార్మికులా తేల్చండని ఫిబ్రవరిలో ఎన్నికలకు పోయిన హీత్ మాత్రం పదవిలో లేకుండా పోయాడు. మా దగ్గర ఏలేవాళ్లకు ఆ రంది లేదు. బొగ్గుబాయిల మీద ఎన్నికలొస్తే ప్లే డే రద్దు చెయ్యబోమని మాట ఇస్తే చాలు.