డెబ్బై షోర్ ఎ: టీకా తాత్పర్య సహితం

మూలం: ఓ రింగు, నైట్రైల్, 70 ± 5 షోర్ ఎ.

అవతారిక: ఈ పంక్తి యంత్రభాగాల డ్రాయింగుల్లో ఒక మూలన, చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది. కర్త ఎవరో తెలియదు. కింద సంతకం ఉంటుంది గానీ చదవడానికి వీలుపడదు. అల్పాక్షరాల్లో అనల్పార్థాన్ని ఇరికించడం సూత్రకారుల అలవాటు. ఆ ఇరుకులోంచే సరుకు అమ్మినవాడికీ కొన్నవాడికీ తగాదాలు పుడతాయి.

ప్రతిపదార్థం: ఓ రింగు = గుండ్రని అడ్డకోత గలదియు, నీల్స్ క్రిస్టెన్సన్ అనువానికి 1939లో అమెరికా పేటెంటు తెచ్చిపెట్టినదియు నగు రబ్బరు కంకణము; నైట్రైల్ = నూనెకు ఓర్చునట్టిదై; షోర్ = ఆల్బర్ట్ షోర్ కల్పించిన డ్యూరోమీటరుచేత; ఎ = ఎ అను కొలమానముపై; 70 ± 5 = డెబ్బదికి అటునిటు అయిదింటిలోపల; (చూపవలెను అని శేషము).

తాత్పర్యం: రబ్బరు మరీ మెత్తగానూ ఉండకూడదు, మరీ గట్టిగానూ ఉండకూడదు. ఈ మాత్రానికి టీక ఎందుకని అడిగేవారు కిందిది చదవాలి.

డెబ్బై ఏమిటి? గ్రాములు కావు, మిల్లీమీటర్లు కావు, శాతం అసలే కాదు. డ్యూరోమీటరు అడుగున మొన తెగిన ఉక్కు సూది ఒకటి 2.5 మిల్లీమీటర్ల మేర బయటికి పొడుచుకుని ఉంటుంది. దాని కొస వెడల్పు 0.79 మిల్లీమీటరు. పరికరాన్ని రబ్బరు మీద ఆనించి నొక్కితే మెత్తని రబ్బరులోకి సూది దిగుతుంది. గట్టిదైతే స్ప్రింగును నొక్కుకుంటూ వెనక్కి పోతుంది. మొత్తం దిగితే సున్న. గాజు పలక మీద లాగా అసలు దిగకపోతే నూరు. ఒక్కో అంకెకు 0.025 మిల్లీమీటరు. ఆ లెక్కన డెబ్బై చూపిందంటే సూది ముప్పాతిక మిల్లీమీటరు దిగి ఆగిందన్నమాట. అప్పుడు స్ప్రింగు దాన్ని 5.8 న్యూటన్ల బలంతో, అంటే సుమారు 590 గ్రాముల బరువుతో, నెడుతూ ఉంటుంది.

పూర్వపక్షం: చేతిలో ఓ రింగు ఉంది, మీటరూ ఉంది. నొక్కి చూస్తే పోలేదా?

సిద్ధాంతం: కుదరదు. నమూనా చదునుగా, కనీసం 6 మిల్లీమీటర్ల మందంతో ఉండాలి. సూది అంచుకు 12 మిల్లీమీటర్ల ఎడంలో దిగాలి. అడ్డకోత 3.53 మిల్లీమీటర్లున్న రింగుకు మందం లేదు, చదును లేదు, ఎటు చూసినా అంచే. పైగా కిందనున్న బల్ల గట్టిదనం కూడా అంకెలో కలుస్తుంది. అందుకని చాలామంది తయారీదారులు అదే రబ్బరు ముద్దతో ఒక బిళ్ల పోసి, బిళ్లను కొలిచి, రింగును అమ్ముతారు. వ్యాఖ్యాతకు ఇది కాస్త గడుసుతనంగానే తోస్తుంది: ముద్ద ఒకటే అయినా బిళ్లా రింగూ అచ్చులో ఒకే తీరుగా ఉడికాయని ఎవరు చూశారు?

మతాంతరం: ఐఆర్‌హెచ్‌డీ (అంతర్జాతీయ రబ్బరు గట్టిదన కొలమానం) మతస్థులు సూదిని కాదని గుండును నమ్ముతారు. వారి సూక్ష్మ పద్ధతిలో గుండు వ్యాసం 0.4 మిల్లీమీటరు కూడా ఉండదు. 30 సెకన్లు ఆగి అంకె చూస్తారు. దానితో రింగునే నేరుగా కొలవవచ్చు. ఈ మతం వారి డెబ్బై, షోర్ మతం వారి డెబ్బైకి దగ్గరి చుట్టమే గానీ తోబుట్టువు కాదు. షోర్ వారిలోనూ ఏకాభిప్రాయం తక్కువే. నొక్కిన రబ్బరు క్షణక్షణానికీ లొంగుతూనే ఉంటుంది కాబట్టి ఒక్క సెకనుకు చూసినవాడి అంకె కంటే 15 సెకన్లకు చూసినవాడి అంకె చిన్నది. ఎప్పుడు చూశారో రాయని రిపోర్టును పట్టుకుని సరుకు తిప్పి పంపడం దబాయింపే.

విశేషం: ఓ రింగు పని లోహాల మధ్య సందును మూయడం. డెబ్బై దగ్గర రబ్బరు లోహం గరుకులోకి బాగా ఒదుగుతుంది. ఒత్తిడి బాగా పెరిగితే లోహాల మధ్య సందులోకి పిండుకుపోయి తెగుతుంది. అలాంటి చోట 90 వాడతారు.

అయితే గట్టిదనం వేరు, కోలుకునే గుణం వేరు. 1986 జనవరి 28న ఛాలెంజర్ అంతరిక్ష నౌక బయలుదేరి, ఓ రింగు పట్టు తప్పి పేలిపోయిన ఉదయం చలి సుమారు 2 డిగ్రీలు. ఆ ప్రమాదంపై వేసిన విచారణ సంఘం ముందు భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఓ రింగు రబ్బరు ముక్కను క్లాంపులో బిగించి ఐసు నీళ్లలో ముంచాడు. తీసి వదిలితే అది వెంటనే పూర్వరూపానికి రాలేదు. డ్యూరోమీటరు పరీక్షలేమో మామూలుగా 23 డిగ్రీల గదిలో జరుగుతాయి. అందుకే తెలిసినవారు రబ్బరును నొక్కిపెట్టి, వేడిలోనో చలిలోనో ఉంచి, వదిలాక ఎంత తిరిగి లేచిందో విడిగా కొలిపిస్తారు.

ఇక మిగిలింది నైట్రైల్. ఈపీడీఎం రబ్బరూ నల్లదే, అదీ డెబ్బైలో దొరుకుతుంది. గోటితో నొక్కి చూసే కొట్టువాడికి రెండూ ఒకటే. నైట్రైలు ఇంజిన్ ఆయిల్లో హాయిగా ఉంటుంది, కారు బ్రేకు ద్రవంలో పాడవుతుంది. ఈపీడీఎం సరిగ్గా తలకిందులు: బ్రేకు డబ్బాలో పొరపాటున ఇంజిన్ ఆయిల్ పోస్తే ఈపీడీఎంతో చేసిన సీళ్లు ఉబ్బిపోయి, పట్టిన బ్రేకు వదలదు.