కాలి బొటనవేలి పద్యం: టీకా తాత్పర్య విశేషాలతో

చేతు లుండెఁ బనిని, చెప్పు విప్పిన కాలు
తాళగతుల నెంచెఁ దానె పూని;
బల్ల మొరసె, మైకు పట్టి సభకుఁ జాటె;
వేలు కదుపుమయ్య వినఁబడకయె.

అవతారిక: పాడేవారికి తొడ ఉంది, దాని మీద తాళం వేయడానికి చెయ్యీ ఉంది. ఫిడేలు వాయించేవాడికి తొడ ఉండీ చెయ్యి లేదు. కుడిచెయ్యి కమానుకు, ఎడమచెయ్యి తీగలకు పోయింది. ఈ లోటు తీర్చడానికి కాలు రంగంలోకి దిగగా, దాని ఆగడం చూడలేక కవి ఒక ఫిడేలు విద్యార్థిని మందలిస్తున్నాడు. కవి పేరు పద్యంలో లేదు. పక్కన కూర్చున్న మృదంగ విద్వాంసుడే అయి ఉంటాడని ఈ వ్యాఖ్యాత ఊహ. బల్ల దెబ్బ అందరికంటె ముందు తగిలేది ఆయనకే కదా.

టీక: చేతులు = రెండు చేతులును; పనిన్ = వాయించు పనియందు; ఉండెన్ = ఉన్నవి, అనగా తీరిక లేనివి; చెప్పు విప్పిన కాలు = వేదిక ఎక్కుటకు ముందు చెప్పు విడిచిన పాదము; తానె పూని = ఎవరును పిలువకుండగనే ముందుకు వచ్చి; తాళగతులన్ = తాళపు నడకలను; ఎంచెన్ = లెక్కించినది; బల్ల = వేదికకు పరచిన చెక్క; మొరసెన్ = మ్రోగినది; మైకు = మైకు; పట్టి = ఆ చప్పుడును దొరకబుచ్చుకొని; సభకున్ = వెనుక వరుసలో కునుకు తీయువారితో సహా అందఱకును; చాటెన్ = తెలియజేసినది; అయ్య = ఓ అబ్బాయీ; వేలు = కాలి బొటనవ్రేలు మాత్రమే; వినఁబడకయె = చప్పుడు పైకి రానీయకయే; కదుపుము.

తాత్పర్యం: చేతులు ఖాళీ లేవు కాబట్టి కాలితో తాళం వేసుకుంటే వేసుకో, తప్పు లేదు. మాకు మాత్రం వినిపించకు.

విశేషాలు: 'చెప్పు విప్పిన' అనే విశేషణం పాదపూరణకు వేసినదని కొందరంటారు. కాదు. కర్ణాటక పద్ధతిలో ఫిడేలు వాయించేవాడు బాసిపట్టు వేసుకుని కూర్చుంటాడు. వాద్యం ఒక కొస ఛాతీకి ఆనితే, రెండో కొస, అంటే ఫిడేలు తల, కుడికాలి చీలమండ మీద ఆనుతుంది. చెప్పు విప్పి వాద్యాన్ని మోసే కాలూ, తాళం వేయబోయే కాలూ ఒకటే. మడమ లేచిందా, ఫిడేలు లేస్తుంది. ఫిడేలు లేస్తే ఎడమచేతి వేళ్ళు జారతాయి, గమకం ఉండవలసిన చోట కుదుపు వస్తుంది. పైగా ఈ రోజుల్లో వాద్యానికే పికప్ బిగిస్తున్నారు. పాదం దెబ్బ బల్ల మీదుగా మైకుకు ఒకసారి, చీలమండ మీదుగా పికప్‌కు ఒకసారి వెళుతుంది. బొటనవేలు కదిలితే చీలమండకు ఇబ్బంది లేదు. కవి 'కాలు' అని మొదలుపెట్టి 'వేలు' అని ముగించడంలో ఉన్న మర్మం ఇది.

'మైకు పట్టి' అన్నచోట గసడదవాదేశం చేసి 'మైకు వట్టి' అనాలని వైయాకరణులు పట్టుపట్టవచ్చు. ఆ ఆదేశం బహుళం. అదీగాక, మైకు ఎవరి ఆదేశమూ వినదని సభలు నడిపేవారందరికీ తెలుసు.

ఇక 'తానె పూని'. పద్యానికి ప్రాణం ఇక్కడుంది. కాలు తాళం వేస్తోందని, చేతులు దాన్ని అనుసరిస్తున్నాయని విద్యార్థి నమ్ముతాడు. జరిగేది తలకిందులు. సరళీ వరుసలు మూడు కాలాల్లో వాయించమనండి. మొదటి కాలంలో పాదం నిదానంగా పడుతుంది. రెండో కాలంలో స్వరాలు రెట్టింపు కావాలి, తాళం మాత్రం ఉన్నచోటనే ఉండాలి. కొత్తవాడి పాదం స్వరాలతో పాటు తానూ రెట్టింపవుతుంది. మూడో కాలానికి వచ్చేసరికి అది తాళం కాదు, వణుకు. అలాగే కష్టమైన సంగతి దగ్గర వేళ్ళు తడబడితే, పాదం మర్యాదగా ఆగి, వేళ్ళు వచ్చి చేరాక మళ్ళీ పడుతుంది. ఇద్దరూ కలిసి ఆలస్యమయ్యారు కనుక తప్పు ఎవరికీ తెలియదు. దొంగకు దొంగే సాక్షి. అందుకే పాతకాలపు గురువులు శిష్యుడి కాలిని నమ్మలేదు. అతను వాయిస్తుంటే తాళం తమ తొడ మీద తాము వేశారు, నోటితో తకధిమి చెప్పారు.

ఇంకొక లోపం కూడా ఉంది. చేతికి మాటలు ఎక్కువ, కాలికి ఒక్కటే మాట. ఆదితాళంలో చెయ్యి ఒక దెబ్బ వేసి, చిటికెన, ఉంగరపు, మధ్య వేళ్ళు లెక్కపెట్టి, ఆపైన దెబ్బ, విసురు, మళ్ళీ దెబ్బ, విసురు వేస్తుంది. మొత్తం ఎనిమిది అక్షరాలు. ఆవర్తంలో ఎక్కడున్నామో చూసినవాడికి చూసినట్టు తెలుస్తుంది. కాలు 'ఇప్పుడు, ఇప్పుడు' అంటుందే గానీ అది మూడోదో ఏడోదో చెప్పలేదు. 7 సూళాది తాళాలను 5 జాతులతో హెచ్చిస్తే 35 తాళాలు. కాలి దృష్టిలో ఆ 35 ఒకటే తాళం.

శంక: ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులతో రెండు, రెండు కాళ్ళతో రెండు, తలతో ఒకటి, ఇలా ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖి చేసి చూపలేదా? అంతటి హరికథా పితామహుడికి తగిన పని నాకు తగదా?

సమాధానం: తగదు. ఐదు అవయవాలు ఐదు తాళాల్లో నడిచాయంటే ఏదీ మరొకదాని వెంట పడలేదన్నమాట. నీ కాలు నీ చేతి వెంట పడుతోంది. పైగా హరిదాసు కాలికి గజ్జెలుంటాయి, చేతిలో చిరతలుంటాయి. వినిపించడమే వాటి ఉద్యోగం. దాసుగారు 1919లో విజయనగరం సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులయ్యారు. అక్కడే ఫిడేలు నేర్పిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారు తర్వాత ఆ పదవికి వచ్చారు. లయకూ ఫిడేలుకూ అంత దగ్గరి చుట్టరికం ఉన్న కళాశాల అధ్యక్షుల పేరు చెప్పి బల్ల కొట్టడం భావ్యం కాదు.

వీణవారికి ఈ పద్యం వర్తించదు. వీణకు 7 తీగలు. నాలుగు మెట్ల మీదుగా పోతాయి, మిగిలిన మూడూ పక్కన ఉండేది తాళానికే. కుడిచేతి చిటికెనవేలు వాటిని మీటుతుంది. వీణను రూపొందించినవాడెవడో కాలి సంగతి ముందే గ్రహించి దాని పని వేలికి అప్పజెప్పాడు. నాగస్వరంలో చేతులతో పాటు ఊపిరి కూడా పనిలోనే ఉంటుంది కనుక తాళం వేయడానికి వేరే మనిషినే పెట్టారు. ఫిడేలు పడమటి నుంచి వచ్చింది, ఈ ఏర్పాటేదీ వెంట తెచ్చుకోలేదు.

ఆ పడమటి వారూ నేల మీద తాళం వేసి సుఖపడలేదు. ఫ్రాన్సులో పద్నాలుగో లూయీ ఆస్థాన సంగీతకారుడు లల్లీ, 1687లో పొడవాటి కర్రతో నేలను కొడుతూ వాద్యబృందాన్ని నడిపిస్తుండగా ఆ దెబ్బ తన కాలికే తగిలింది. పుండు ముదిరి అదే ఏడాది మార్చిలో పోయాడు. తాళం కాలి మీద పడ్డ ఉదాహరణ ఇంతకంటె పెద్దది వ్యాఖ్యాతకు తెలియదు.

'వినఁబడకయె': మన లక్షణకర్తలు తాళక్రియలను సశబ్దమనీ నిశ్శబ్దమనీ విభజించి, ఒక్కొక్కటి నాలుగేసి చెప్పారు. చప్పుడు చేయని క్రియ చప్పుడు చేసేదానికి తక్కువేమీ కాదు. విసురు వినపడదు గానీ అక్షరం అక్షరమే. కవి కోరుతున్నది ఆ నిశ్శబ్ద క్రియనే. తల ఊపడం, కనుబొమలు ఎగరేయడం కూడా ఇందులోకే వస్తాయా అంటే, వస్తాయి. ఫొటోలో ఎలా పడతాయన్నది వాయించేవారి ఇష్టం. ముందు వరుసలో కూర్చుని అర అక్షరం ఎడంగా తొడ చరిచే రసికులకూ ఇదే విధి. వారిది చేతితో చేసే సశబ్ద క్రియే గానీ, వేదిక మీదివారు అటు చూశారా, అంతే.

ఛందస్సు: ఆటవెలది. కాలితో తాళం వేస్తూ చదవదలచిన పాఠకులకు ఒక మనవి. రెండు, నాలుగు పాదాల్లో ఐదేసి సూర్యగణాలు, గణానికి మూడు మాత్రలు. అక్కడ మీ కాలు హాయిగా నడుస్తుంది. మొదటి పాదం చివరి రెండు గణాలకు ఐదేసి మాత్రలు, మూడో పాదంలో నాలుగూ ఐదూ. అక్కడ కాలు తప్పుతుంది. పద్యం సరిగానే ఉంది.