బానెట్ డాక్టరు

ఎముకలు విరిగినవాళ్ళకి మా పుత్తూరు పేరు కొత్తగా చెప్పనక్కర్లేదు. పక్కనే రాచపాళెంలో ఆకు పసరు, కోడిగుడ్డు సొన పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టే కట్టు కోసం తమిళనాడు, కర్ణాటకల నుంచి కూడా జనం దిగుతుంటారు. ఈ ఖ్యాతి చూస్తే మా వీధి పాలిషన్నకి కొంచెం కడుపుమంట. విరిగిన కాలు ఎవడికైనా కనబడుతుంది, అందులో గొప్పేముంది అంటాడు. ఆయన పట్టేది ఎవరికీ కనబడని జబ్బు.

దాని పేరు స్విర్ల్ మార్కులు. నల్లకారు బానెట్టును మిట్టమధ్యాహ్నం చూడండి, సూర్యుడి నీడ చుట్టూ సాలెగూడు అల్లినట్టు సన్నని గీతలుంటాయి. నిజానికి అవి అన్ని దిక్కులా ఉంటాయి, వెలుగుకి అడ్డం పడినవే మెరిసి గుండ్రంగా తోస్తాయి. రంగు మీది క్లియర్ కోటు తలవెంట్రుక కన్నా పలచన. దుమ్ము పట్టిన కారును పొడిగుడ్డతో తుడిస్తే చాలు, గీసుకుపోతుంది.

పొద్దున్నే టీ బంకు దగ్గర ఏ కారు ఆగినా పాలిషన్న సెల్లు టార్చి వేసుకుని వంగుతాడు. "ఏం నాయనా, పొడిగుడ్డతో తుడిస్తివా?" అని అడుగుతాడు, పెద్దాసుపత్రి డాక్టరు బీడీ తాగుతావా అని అడిగినట్టు. ఆ నాయన తల దించుకుంటాడు.

ఇక వైద్యం. కారు కడగడానికి రెండు బకెట్లు, ఒకటి షాంపూకి, ఒకటి గుడ్డ జాడించడానికి. కుళాయి వచ్చే పూట వదినకి బిందెలే గతి. తర్వాత అంచులకి టేపు, అక్కడ రంగు మరీ పలచన కదా. మిషన్లలో ఒకే ఇరుసు మీద గిరగిర తిరిగేది కోపిష్టి, చేతకానివాడి చేతిలో వేడెక్కి రంగునే కాల్చేస్తుంది. తిరుగుతూ ఊగేది సాధువు. అన్న వాడేది సాధువునే. స్పాంజి ప్యాడు మీద శనగగింజంత మందు నాలుగు చోట్ల పెట్టి, అడుగున్నర చదరం మేర ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా నెమ్మదిగా నడుపుతాడు. మరమగ్గాల చప్పుడుకు నిద్రపోయే వీధి మాది, ఆ మిషను రొదకి మాత్రం లేచి కూర్చుంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. గీత పోవడమంటే పూడిపోవడం కాదు, దాని లోతుకి చుట్టుపక్కల పొరను దించడం. పాలిషు చేసిన ప్రతిసారీ కోటు అరుగుతుంది. అన్నకి ఇది బాగా తెలుసు. తెలిసే రంగు మందం కొలిచే మీటరు కొన్నాడు, లెక్కలకి ఒక నోటుబుక్కు పెట్టాడు. "ఈయనకి షుగరెంతుందో అడగండి, తెలీదు. బానెట్టుకి మైక్రాన్లెన్నో నిద్రలో లేపినా చెప్తాడు" అంటుంది వదిన. తిరుపతికి మాత్రం ఆర్టీసీ బస్సులోనే పోతాడు. సొంత కారు తీస్తే దుమ్ము పడదూ!

మొన్న మీటరు చూసి అన్న మొహం మాడ్చుకున్నాడు. తన కారు బానెట్టు ఇంకొక్క పాలిషు కూడా తట్టుకోదట. వారం రోజులు మిషను అటకెక్కింది. ఎనిమిదో రోజు దించి, సంచిలో పెట్టుకుని, చెన్నై రోడ్డు మీది టీ బంకులో కూర్చున్నాడు.

నాది తెల్లకారు, గీతలు అంతగా కనబడవు, బతికిపోయింది. మీది నల్లదైతే, తిరుపతి నుంచి చెన్నై పోయేటప్పుడు టీ నగరిలో తాగండి.