ఫ్రీ రాడికల్స్ వచ్చాయి, పర్సులు జాగ్రత్త

ఇన్నాళ్లూ హోసూరు జనాన్ని భయపెట్టినవి సిప్‌కాట్ షిఫ్టు వదిలినప్పటి ట్రాఫిక్, డెంకణికోట వైపు రాగి చేలలోకి దిగే ఏనుగులు, బెంగళూరు వాళ్లొచ్చి పెంచేసే సైటు ధరలు. ఇప్పుడు వీటికి ఫ్రీ రాడికల్స్ తోడయ్యాయి. ఏనుగైతే కంటికి కనిపిస్తుంది, టపాకాయలు కాల్చి తరమవచ్చు. ఇవి కనిపించవు. కనిపించని శత్రువును మించిన లాభసాటి సరుకు అంగట్లో మరొకటి ఉండదు కాబట్టి, బాగలూరు రోడ్డు మొదలుకొని కృష్ణగిరి రౌండానా దాకా గోడ ఖాళీ లేకుండా స్కిన్ క్లినిక్‌ల బోర్డులు వెలిశాయి. పట్టుచీరల ఆడి మాసం తగ్గింపు ఇప్పుడు మన చెంపల మీదికి కూడా వచ్చింది.

ఒక క్లినిక్‌లో కౌన్సెలర్ అమ్మాయి నా ముఖం మీద టార్చి వేసి చూసి, "అన్నా, మీకు ఫ్రీ రాడికల్స్ శానా ఉండాయి" అంది. ఎన్ని ఉండాయమ్మా అంటే ప్యాకేజీ కార్డు తీసింది. సరిగ్గా ఆరు సిట్టింగులకు సరిపడా ఉన్నాయి.

జత తప్పిన ఎలక్ట్రాన్ ఉన్న అణువును ఫ్రీ రాడికల్ అంటారు. మనం ఊపిరి పీల్చి, తిన్నదాన్ని శక్తిగా మార్చుకుంటున్నంతసేపూ కణాల్లో అవి పుడుతూనే ఉంటాయి. ఒంట్లో దూరిన క్రిములను చంపడానికి తెల్ల రక్తకణాలు వాడే ఆయుధాల్లో అవీ ఉన్నాయి. "ఫ్రీ రాడికల్స్‌ను పూర్తిగా నిర్మూలిస్తాం" అని బోర్డు పెట్టిన క్లినిక్ నిజంగా మాట నిలబెట్టుకుంటే, కుర్చీలో కూర్చున్న మనిషి మళ్లీ లేవడు.

ముసలితనానికి ఇవే మూలం కావచ్చని 1956లో డెన్హామ్ హార్మన్ అనే అమెరికా శాస్త్రవేత్త సిద్ధాంతం రాశాడు. ఆయన సిద్ధాంతం రాస్తే మిగతావాళ్లు బిల్లులు రాశారు. ఫిన్లాండులో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద ఫ్రీ రాడికల్స్‌ను అణిచే యాంటీ ఆక్సిడెంట్లని పేరున్న బీటా కెరోటిన్, విటమిన్ ఇ మాత్రలను ఏళ్ల తరబడి పరీక్షించారు. 1994లో లెక్క తేలింది: బీటా కెరోటిన్ మింగినవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చింది. ఆ ముక్క ఏ బోర్డు మీదా కనిపించదు.

ఇవన్నీ ఓర్చుకోగలను. నేను ఓర్చుకోలేనిది మామిడి ఫేషియల్.

ఏటా అఖిల భారత మామిడి ప్రదర్శన జరిగే కృష్ణగిరి జిల్లాలో డబ్బులు తీసుకుని మనిషి ముఖానికి మామిడి గుజ్జు పూస్తున్నారు. "యాంటీ ఆక్సిడెంట్లు, అక్కా" అంటున్నారు. ఉన్నాయి, కాదనను. విటమిన్ సి, కెరోటినాయిడ్లు, మాంజిఫెరిన్ అన్నీ మామిడిలో ఉన్నాయి. అవి ఒంటికి పట్టే దారి నోరు. బయటివాటిని లోపలికి రానివ్వకుండా ఆపడమే చర్మం పైపొర ఉద్యోగం. విటమిన్ సి దాన్ని దాటాలంటే పిహెచ్ 3.5 కన్నా తక్కువ ఉన్న ఆస్కార్బిక్ ఆమ్లం రూపంలో ఉండాలని డ్యూక్ విశ్వవిద్యాలయం చర్మవైద్యులు పరీక్షించి చెప్పారు. అంత జాగ్రత్తగా చేసిన సీరం కూడా గాలీ వెలుతురూ తగిలితే గోధుమరంగుకు తిరిగి పనికిరాకుండా పోతుంది. ఇక పొద్దున మూత తీసిన గిన్నెలో సాయంత్రం దాకా ఉన్న గుజ్జు సంగతి ఏం చెప్పాలి? పైగా మామిడి సొన తగిలితే మూతి పొక్కుతుందని తోటలో కాయలు ఏరే పిల్లవాడికి కూడా తెలుసు. డిప్లొమా పొందిన బ్యూటీషియన్‌కే తెలియలేదు.

ఇదే కాయ 2025 వేసవిలో ఎవరికీ అక్కరలేకపోయింది. మనం బెంగళూరా అనే, ఆంధ్రావాళ్లు తోతాపురి అనే రకం కిలో అయిదు రూపాయల దగ్గరికి పడిపోయింది. పాత గుజ్జే మిగిలి ఉందని ఫ్యాక్టరీలు ముఖం చాటేశాయి. తమ రైతును కాపాడుకోవడానికి చిత్తూరు అధికారులు పక్క రాష్ట్రాల తోతాపురిని సరిహద్దులో నిలిపేశారు. కోత కూలి కూడా గిట్టదని కాయను చెట్టుకే వదిలేసినవాళ్లున్నారు. అదే కాయ పేరు చెప్పి రెండు చెంచాలు చెంపకు రాస్తే వందల్లో బిల్లు! ఈ జిల్లాలో మామిడికి గిట్టుబాటు ధర పలికిన ఏకైక మార్కెట్ యార్డు బ్యూటీ పార్లరు.

అందులో రైతుకు దక్కేదేమన్నా ఉందా అంటే, ఆ గుజ్జు మన తోటది కూడా కాదు, ట్యూబులోంచి గిన్నెలోకి పిండింది. వెనక అచ్చువేసిన పదార్థాల పట్టీ చదివాను. మొదట నీళ్లున్నాయి, అట్టడుగున మామిడి ఉంది. ట్యూబు మీద బొమ్మలో మాత్రం మామిడి తప్ప మరేమీ లేదు.

ఇక తెల్లబరుస్తామని క్లినిక్‌లు ఎక్కించే గ్లుటాథియోన్ డ్రిప్ గురించి ఎక్కువ చెప్పను. మన కాలేయం ఊరికే తయారుచేసిపెట్టే పదార్థాన్ని నరానికి సూది గుచ్చి అమ్ముతున్నారు. తెల్లబడటానికి ఆ ఇంజెక్షన్ వాడితే కాలేయానికి, మూత్రపిండాలకు, నాడీ వ్యవస్థకు ముప్పని ఫిలిప్పీన్స్ ఔషధ నియంత్రణ సంస్థ 2011లోనే హెచ్చరించింది. 2020లో ఫెయిర్ అండ్ లవ్లీ తన పేరులోంచి తెలుపును తీసేసింది, అది ఇప్పుడు సెలైన్ సీసాలోకి చేరింది.

అసలు చర్మాన్ని ఎక్కువగా ముడతలు పెట్టేది ఎండ. అందులోని అతినీలలోహిత కిరణాలే చర్మంలో ఫ్రీ రాడికల్స్‌ను రేపి, కొల్లాజెన్‌ను తెంచే ఎంజైములను లేపుతాయి. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక అమెరికా డ్రైవర్ ఫొటో వేసింది. ఆయన 28 ఏళ్లు ట్రక్కు నడిపాడు. కిటికీ వైపున్న ఎడమ చెంప కుడి చెంపకు తాతలా ఉంది, ఎందుకంటే అతినీలలోహిత కిరణాల్లో యువిఎ రకం అద్దంలోంచి కూడా దిగుతుంది. అశోక్ లేలాండ్ బండ్లు తయారయ్యే ఊళ్లో ఆ ఫొటో ప్రతి టీ అంగడి గోడ మీదా ఉండాలి. మన డ్రైవర్లకు కిటికీ కుడివైపున ఉంటుంది, అంతే తేడా.

ఆస్ట్రేలియాలో 900 మంది మీద నాలుగున్నరేళ్లు చేసిన పరీక్ష ఫలితం 2013లో వచ్చింది. రోజూ సన్‌స్క్రీన్ రాసుకున్నవాళ్ల చర్మం 24 శాతం తక్కువగా ముదిరింది. అదే పరీక్షలో బీటా కెరోటిన్ మాత్రలతో చెప్పుకోదగ్గ మేలేమీ కనిపించలేదు. మరి మన ప్రభుత్వం ఏం చేసింది? 2025 సెప్టెంబరు 22 నుంచి ఫేస్ పౌడరుకు జీఎస్టీ 5 శాతం, పార్లరు సేవకు 5 శాతం, సన్‌స్క్రీన్‌కు 18 శాతం. పనిచేసేదానికి పన్ను, పూతకు రాయితీ!

ఇంతకూ ఈ ఊళ్లో చర్మం ఎవరిది కాలుతోంది? ప్రేమికుల రోజుకు వెళ్లే హోసూరు గులాబీని చలిగదిలో దాచి, ఏసీ బండిలో విమానం దాకా సాగనంపుతారు. ఆ తోటలో కలుపు తీసే ఆడమనిషి తలకు తువ్వాలు ఒక్కటే దిక్కు. గ్రానైట్ క్వారీలో రాయి మెరుస్తుంది, రాయి కొట్టేవాడు నలభైకే ముసలివాడవుతాడు. పువ్వు వాడితే నష్టం లెక్కగడతారు, మనిషి వాడితే లెక్కే లేదు. వాళ్ల ముఖం మీద ఏ కౌన్సెలరూ టార్చి వేయదు. ప్యాకేజీ కొనలేని చర్మానికి ఈ ఊళ్లో వయసు లేదు, వార్ధక్యమూ లేదు, సిగ్గులేని మౌనం మాత్రం ఉంది.

కాబట్టి డ్రిప్ కుర్చీ ఎక్కే ముందు, తెల్లబరచడానికి ఆ సూదిని ఏ అధికారి అనుమతించాడో కాగితం చూపించమనండి. ఓటుకు వచ్చినవాణ్ని సన్‌స్క్రీన్ మీద పన్నెందుకని నిలదీయండి. తోటలు, క్వారీలు నడిపే పెద్దలు పనివాళ్లకు అంచున్న టోపీ, మిట్టమధ్యాహ్నం నీడలో విరామం ఇవ్వాలి. ఫ్రీ రాడికల్స్ నుంచి కాపాడటమంటే ముందు అదే. మామిడికాయను మాత్రం రైతు దగ్గర మంచి ధరకు కొనుక్కుని తినండి.