కాచఖండనాచార్యులు

జీడిమెట్ల పారిశ్రామికవాడలో ముప్పదియేండ్లు తనిఖీవిభాగమున కొలువుచేసి, పదవీవిరమణానంతరము గాజులరామారములో ఇల్లు కట్టుకొని, మేడమీది రేకులగదిని వర్క్‌షాపని వ్యవహరించు పెద్దమనిషి ప్రతి వీధిలోను ఒక్కడైన గలడు. ఆయనచేత స్క్రూడ్రైవరున్నంతకాలము లోకమునకు భయములేదు. గ్లాస్‌కట్టరు చేరిననాటినుండి మాత్రము ఇరుగుపొరుగువారు పిల్లలకు చెప్పులు తొడుగనిదే వీధిలోనికి విడువరు.

ఆయన విద్వత్తును శంకింపరాదు. గాజును ఎవ్వడును కోయజాలడనియు, టంగ్‌స్టన్ కార్బైడు చక్రముతో దాని మొగమున సన్నని గీటుపెట్టి పగులు నడువవలసిన త్రోవను చూపుటయే మనుష్యప్రయత్నమనియు, తక్కినది గాజే నెరవేర్చుకొనుననియు వక్కాణించును. గాజు తనకుండవలసిన బలములో స్వల్పాంశమునకే లొంగిపోవుటకు కంటికి కానరాని పగుళ్లే మూలమని గ్రిఫిత్ అను ఆంగ్లేయ ఇంజనీరు 1921లో ప్రకటించిన సంగతి, ఆయన పుణ్యమా యని, మా వీధి కూరగాయలబండివానికిని తెలియును. అద్దమును ముందు శుభ్రముగా తుడువవలెను. చక్రమునకు కిరసనాయిలు, అది దొరకనిచో కుట్టుమిషను నూనె, తగిలింపవలెను. గీచునపుడు పట్టుబట్ట చినుగునట్లు ఎడతెగని సవ్వడి రావలెను. తెల్లనిపొడి రాలెనా, చేయి బరువైనదని యెరుంగవలెను. పిమ్మట జాగుసేయక గీటుక్రింద పెన్సిలుంచి ఇరుప్రక్కల అదుమవలెను. ఇవన్నియు అక్షరాల నిజములు. గీచిన గీటుపై చక్రమును మరల నడపరాదన్న నియమ మొక్కటి మాత్రము ఆయనకు కంఠస్థమే గాని హస్తగతము కాలేదు.

ఎట్లగును? ఉద్యోగధర్మముగా ప్రతి వస్తువును రెండుమారులు పరీక్షించినవాడు, గేటుతాళమును రెండుమారులు లాగిచూచువాడు, అమెరికాలోని కుమారుని భోజనమైనదా యని రెండుమారులడుగువాడు, గీటును మాత్రము ఒక్కమారు గీచి ఊరకుండునా? రెండవమారు చక్రము నడువగనే ప్రక్కపగుళ్లు పుట్టును. అద్దము తన యిచ్చవచ్చిన దిక్కునకు విచ్చుకొనును. కిటికీకని కొన్న నాలుగు మిల్లీమీటర్ల అద్దము ఆ విధముగా చిత్తారమ్మవారి పటమునకు దిగెను. ఆ పటము గోడనుండి అలమారకును, అలమారనుండి అరచేతికిని దిగజొచ్చెను.

“ఏమండీ, జాతరనాటికి అమ్మవారిని తపాలాబిళ్లలో చూపిస్తారా?” అని ఇల్లాలడిగినది.

అభిమానము పొడమి ఆయన పాత టీపాయిపైని అద్దమును మేడకెక్కించెను. ఆరువందల డిగ్రీలకు మించి కాచి, గాలిపోటుతో హఠాత్తుగా చల్లార్చుటచే పైపొర బిగిసియు లోపొర లాగుకొనియు నుండు టఫెన్డు గాజది. మూలనున్న ముద్రను ఆయన రెండుమారులు చదివెను. చింతల్‌లోని అద్దాల దుకాణపు కుర్రవాడు, “అది ముందుగాల కోసి, గప్పుడు కాలుస్తరు సార్, ఇప్పుడు ముట్టుకుంటె రవ్వరవ్వయితది” అన్న మాటను రెండుమారులు చెప్పించుకొని వినెను. విని, వచ్చి, గీచి, అదిమెను. రెండవ గీటునకు ఆస్కారమే లేకపోయెను. గోధుమగింజలవంటి గాజుముక్కలు మేడ నాలుగు మూలలను నిండెను.

కడకు ఇల్లాలే పటమును చింతల్‌కు మోయించినది. ఆచార్యుడు టేపుతో వెంటనడచెను. కుర్రవాడు ఫోను చెవికి భుజమున నొక్కి, ఎవరితోనో బేరమాడుచునే, కొలకర్ర వేసి చర్రున ఒక్కగీటు గీచెను.

“బాబూ, ఎందుకైనా మంచిది, ఇంకొక్కసారి గీయరాదూ?”

“ఇంకేడ గీయాలె సార్? ఎప్పుడో ఇరిగిపాయె.”